సగం చూసిన సాక్షి

శుక్రవారం

'ఏడో గంట' చూశాను. మొదటి రోజు, మొదటి ఆట. ఒళ్ళు మండిపోతోంది. దేవుడి తరఫున కోపం. నా తరఫున కాదు. నాకేం, తెల్లజుట్టు కూడా రాలిపోయిన వయసు, ఎన్ని సినిమాలు రాలేదు, పోలేదు!

ఒక పాత ఇల్లు. అందులో తాళం వేసిన పూజగది. లోపల గంట దానంతటదే మోగుతుంది. మోగినప్పుడల్లా ఇంట్లో ఒకరు మంచం పడతారు. ఏడోసారి మోగిన రోజు ఆ ఇంటి ఆడపిల్లని లోపలున్నది తీసుకుపోతుందట. లోపలున్నది దేవతో దయ్యమో ఎవరికీ తెలీదు. ఇక్కడిదాకా బాగానే ఉంది. అప్పుడు దిగుతాడు ఒక ముసలాడు, దేవుళ్ళతో మాట్లాడతానంటూ. వట్టి కోతలరాయుడు. ఎవరింట్లో పొయ్యి వెలిగితే వాళ్ళింట్లో వాడికి దేవుడు పలుకుతాడు. ఇంటర్వెల్ ముందు పూజగదిలో దూరి, దేవత పీట మీద తను చతికిలబడి, దేవత గొంతుతో ఇంటివాళ్ళని అన్నం అడుగుతాడు. హాలంతా ఒకటే నవ్వు.

దేవత పీట మీద మనిషి కూర్చోవడం! దానికి నవ్వడం!

బయటికొచ్చాను. గేటు దగ్గర ఇంకా జనం లేరు. ఒకతను ఫోను ఎత్తిపట్టుకుని, "తాతగారూ, సినిమా ఎలా ఉంది?" అన్నాడు. మర్యాదగా అడిగాడు, మర్యాదగా చెప్పాను. కాస్త గట్టిగా కూడా చెప్పాను. "దేవుడితో పరాచికాలా? భయం, భక్తి ఉన్నవాళ్ళెవరూ ఈ ఛాయలకి రాకండి!" టీ కొట్టు దగ్గరివాళ్ళు గ్లాసులు పట్టుకుని తిరిగి చూశారు. గొంతు ఇంకా ఉంది నాకు.

సినిమా రాసి, తీసింది మా అన్న కూతురు. పిచ్చుక. దాని మొదటి సినిమా.

ఆ సంగతి ఫోను అతనికి చెప్పలేదు. అతను అడగలేదు.

శనివారం

జలుబు. హాల్లో ఏసీ గాలి సరిగ్గా నా నడినెత్తి మీదే పడింది. అసలు ఆ చలికే సినిమా సరిగా ఎక్కలేదేమో.

పిచ్చుక ఫోను చేసింది. మా ఆవిడ తీసింది. "బాబాయ్ చూశాడా పిన్నీ?" అన్నది నాకూ వినబడింది. స్నానం చేస్తున్నానని సైగ చేశాను, పేపరు పట్టుకుని కుర్చీలో కూర్చునే. ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసి, "స్నానం చేస్తున్నార్ట" అంది. చేస్తున్నారు అని ఉండొచ్చు. ఆ 'ట' ఎందుకు?

మధ్యాహ్నం ఆవిడా పక్కింటావిడా కలిసి సినిమాకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఎలా ఉంది?" అన్నాను.

"మీరు చూశారుగా" అంది.

ఆదివారం

సెలూన్‌కి వెళ్ళాను. గడ్డం నిన్ననే గీసుకున్నాను కాబట్టి గడ్డం కోసమని ఇక్కడ రాయడం అనవసరం. ఆదివారం పూట మా వీధిలో సినిమాలకి తీర్పులు చెప్పేది అక్కడే. అద్దాల ముందు కుర్చీలు, వెనక గోడకి బెంచీ. కుర్చీలో ఉన్నవాడు తల తిప్పితే చెవి పోతుంది కనక అద్దంలో చూస్తూ వాదిస్తాడు. బెంచీ మీదవాళ్ళు వాడి మెడతో వాదిస్తారు.

సెలూన్ యజమాని బాగుందనే పక్షం. "ఒట్టు మైకు మాస్టారూ, మొన్నట్నించి స్నానాల గది తలుపు ఓరగా పెట్టే స్నానం చేస్తున్నాను. మా ఆవిడ తిడుతోంది."

కుర్చీలో మందుల షాపు ఆయన, మొహమంతా నురగ. "సౌండు తీసేస్తే ఏముందయ్యా అందులో? గంట మోగుతుంది, తలుపు కిర్రుమంటుంది, మనం ఉలిక్కిపడతాం. మా షాపు షట్టరు రోజూ చేసే పనే అది. దానికెవడూ చప్పట్లు కొట్టడేం?"

"అది దయ్యం సినిమా కాదండీ," అన్నాడు బెంచీ మీదనించి డ్రాయింగ్ టీచరు. "నమ్మకం సినిమా. అబద్ధంతో మొదలైంది నిజం దాకా వెళ్తుందా అని అడుగుతోంది ఆ అమ్మాయి."

"అడిగేదేదో అర్థమయ్యేట్టు అడగొచ్చుగా!"

"మీకు అర్థం కాకపోతే డైరెక్టర్‌దా తప్పు?"

"టిక్కెట్టు కొన్నది డైరెక్టరా, నేనా?"

"కదలకండి సార్, కత్తి ఉంది," అన్నాడు యజమాని. "అసలు కథంతా సెకండాఫ్‌లో ఉంది కదా. ఏం మాస్టారూ?"

అందరూ నావైపు తిరిగారు. కుర్చీలో ఆయన అద్దంలోంచి తిరిగాడు.

"ఫస్టాఫ్ చూశాక సెకండాఫ్ ఏమిటో తెలీదుటయ్యా?" అన్నాను.

నా ఉద్యోగం గురించి నాకోసం రాసుకునే డైరీలో రాయక్కర్లేదు, నాకు తెలిసిందే. అయినా చెయ్యి ఆగడం లేదు. సినిమా హాలు వ్యానులో మైకు పట్టుకుని వీధులన్నీ తిరగడం నా పని. కొత్త బొమ్మ పడిన రోజు నన్ను లోపల కూర్చోబెట్టేవారు, బయట నాలుగు ముక్కలు చెప్పాలి కదా. ఇంటర్వెల్ గంట కొట్టగానే లేవాలి. సాయంత్రం ఆటకి జనాన్ని పోగెయ్యడానికి వ్యాను బయల్దేరాలి. అలా ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ మొదటి సగాలే చూశాను. రెండో సగాలు నేనే అల్లుకున్నాను. చాలా వరకు సరిపోయేవి. ఒక కుటుంబ కథలో అన్నదమ్ములు కలిసిపోయారని ఏళ్ళ తరబడి నమ్మాను. పెళ్ళయిన ఎంతో కాలానికి మా ఆవిడ, "కలవడమేమిటి, పెద్దవాడు చిన్నవాణ్ణి పొడిచేశాడుగా" అంది. ఆ వారమంతా ఆవిడతో ముక్తసరిగా మాట్లాడాను, పొడిచింది ఆవిడే అన్నట్టు.

కానీ ఒకటి నిజం. గుమ్మంలోకి అడుగుపెట్టే తీరు చూస్తే మనిషి ఎందుకొచ్చాడో తెలిసిపోతుంది. సినిమా అంతే. పూర్తిగా చూడ్డం తీరుబడి ఉన్నవాళ్ళ సరదా.

ఎక్కడున్నాను? సెలూన్‌లో. యజమాని ఫోను తెచ్చి చూపించాడు. నేనే! గేటు దగ్గర నిలబడి, చెయ్యి ఊపుతూ. ఊరంతా చూసేసింది, పక్క ఊళ్ళు కూడా చూశాయట. కింద జనం రాసినవి అతను పైకి చదివాడు. 'తాతకి దండం.' 'ధైర్యంగా నిజం చెప్పిన పెద్దాయన.' 'ముసలాయనకి సినిమా అర్థం కాలేదు, ఇంటికెళ్ళి పడుకోమనండి.' 'అమ్మాయి తీసింది కాబట్టే ఈ ఏడుపు.' మధ్యలో ఒకడు రాశాడు: 'గమనించారా? మాట్లాడే ముందు పిడికిట్లోకి రెండుసార్లు ఊదాడు. సినిమాలో దొంగ ముసలాడు చేసేదీ అదే. వీడే వాడు.'

సెలూన్ ఘొల్లుమంది. నేను కూడా నవ్వాను. నవ్వుతూనే ఇంటికొచ్చాను.

సోమవారం

రాయడానికేం లేదు. పిడికిట్లోకి ఊదడం మైకు పనిచేస్తోందా లేదా చూసుకునే అలవాటు, అంతే. మైకు మనుషులంతా చేస్తారు.

మంగళవారం

కమిటీ పెద్దాయన వచ్చాడు, వెనకాల మరికొందరు. ఊళ్ళో భక్తి కార్యక్రమాలన్నీ ఈయన చేతి మీదే నడుస్తాయి. మా ముందుగదిలో కుర్చీలు చాలక ఒకాయన కుట్టుమిషను బల్ల మీద కూర్చున్నాడు.

"మీ మాట విన్నాక మా రక్తం మరిగిపోయింది," అన్నాడు పెద్దాయన.

"మీరు చూశారా సినిమా?"

"ఛఛ! చూడ్డమా? మీరు చూశారుగా, చాలు."

వాళ్ళు బొత్తిగా చూడలేదు. ఆ లెక్కన వాళ్ళందరిలోకీ నేనే పండితుణ్ణి.

కోరిక ఏమిటంటే, వ్యాను సిద్ధంగా ఉంది, మైకు సిద్ధంగా ఉంది, సినిమా ఎవరూ చూడొద్దని నేను వీధుల్లో చెప్పాలి. "ఇంకొకళ్ళు చెబితే పెద్ద ఎఫెక్టు ఉండదు. ఆ గొంతు కావాలి." మా ఆవిడ టీ కప్పులు తెచ్చి టీపాయ్ మీద పెట్టింది. పెట్టిన చప్పుడుకి పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. సినిమా చూడకపోయినా ఆ మాత్రం అనుభవం దక్కింది ఆయనకి.

వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో రాయాలంటే చాలా కారణాలు రాయొచ్చు. మైకు చేతిలో పెట్టారు, అది చల్లగా, బరువుగా ఉంది. అంతే కారణం.

కూరగాయలు మోసే వ్యాను, పైన తాళ్ళతో కట్టిన స్పీకరు. డ్రైవరు చిన్నవాడు, మాటకారి. మొదటి వీధి మలుపులోనే వాక్యం దొరికింది నాకు: "మహాజనులారా! ఏడో గంట మీ ఇంట మోగనివ్వకండి!" దానికదే వచ్చింది. బాగా కుదిరింది. రాస్తుంటే సిగ్గుగా ఉంది, కానీ బాగా కుదిరింది. మేడల మీద ఆడవాళ్ళు బట్టలారేస్తూ ఆగిపోయారు. నా వెన్ను దానంతటదే నిటారుగా నిలబడింది.

బస్టాండు మలుపులో పిచ్చుక.

ఇప్పుడే బస్సు దిగినట్టుంది, భుజాన సంచీ. ఫుట్‌పాత్ మీద నిలబడి మొత్తం వింది. నేను చూశాను. వాక్యం సగంలో ఉంది, సగంలో ఆపడం నా వృత్తిలో లేదు. పూర్తి చేశాను. వ్యాను ఆగింది. కిటికీ దగ్గరికి వచ్చింది.

"గొంతు అలాగే ఉంది బాబాయ్, ఏం మారలేదు," అంది. "పిన్ని ఇంట్లో ఉందా?"

ఉందన్నాను. సంచీ సర్దుకుని నడిచి వెళ్ళిపోయింది.

"ఎవరండీ?" అన్నాడు డ్రైవరు.

"తెలిసినవాళ్ళ అమ్మాయి."

ఆ తరవాతి వీధుల్లో కూడా చెప్పాను.

బుధవారం

పిచ్చుక ఇంట్లోనే ఉంది. వాళ్ళ నాన్న పోయాక ఇక్కడే పెరిగిన పిల్ల. బడి లేనప్పుడు వ్యానులో నా పక్కనే కూర్చుని, నా వాక్యాలు నాకంటే ముందే పెదాలతో అనేది. అందుకే పిచ్చుక అని పేరు పెట్టాను.

వచ్చిన పనేమిటో వాళ్ళ పిన్నికి చెబుతుంటే విన్నాను. నాకు చెప్పలేదు. గొడవ భయంతో హాలు మేనేజరు శుక్రవారం నుంచి సినిమా తీసేస్తానంటున్నాడు. సొంత ఊళ్ళోనే తీసేస్తే చుట్టుపక్కల హాళ్ళు కూడా అదే పని చేస్తాయి. రెండో సినిమాకి ఊఁ అన్న నిర్మాత ఇప్పుడు 'చూద్దాం' అంటున్నాడు. అంటే దీని బతుకు ఈ వారంలో తేలిపోతుంది. ఎవరి మాట మీద తేలుతోందో కూడా అందరికీ తెలుసు. ఆ మాట అన్నవాడు వరండాలో కూర్చుని గోళ్ళు కత్తిరించుకుంటున్నాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అడిగింది. గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"బాబాయ్, నీకు అంత కష్టం కలిగించింది ఏ సీను?"

"ఆ పీట మీద కూర్చోవడం. మనిషన్నవాడు దేవత పీట మీద కూర్చోవచ్చా?"

"మొదటిసారి కూర్చున్నదా, రెండోసారా?"

రెండోసారి కూడా కూర్చున్నాడన్నమాట వెధవ.

"రెండోసారి మరీ బరితెగింపు," అన్నాను. "మొదటిసారంటే ఏదో ఆకలి కొద్దీ అనుకుందాం. మళ్ళీనా? మనిషికి కొంచెం సిగ్గుండాలి."

పిచ్చుక చెయ్యి కంచంలో ఆగిపోయింది. నన్ను చూసింది. వాళ్ళ పిన్నిని చూసింది. ఆవిడ గిన్నెలోకి చూస్తోంది.

"కూర ఇంకొంచెం వెయ్యి పిన్నీ," అంది. తల వంచుకుని మొత్తం తినేసి, కంచం కడుక్కుని, పెరట్లోకి వెళ్ళిపోయింది.

మా ఆవిడ నా ఎదురుగా కూర్చుంది. "ఇంటర్వెల్‌కే లేచి వచ్చేశారు."

"ఏసీ గాలి..."

"ఏసీ సంగతి తరవాత."

"హాలంతా నవ్వింది," అన్నాను.

"ఎప్పుడు?"

"వాడు పిడికిట్లోకి ఊదినప్పుడు."

"ఊదితే మీకేం?"

"అది నేనే కదా!"

"మీరే. తెరమీదకి రాగానే పక్కింటావిడ నా మోచెయ్యి గిల్లింది."

"నన్ను కోతలరాయుణ్ణి చేసింది అది. ఊరంతటి ముందు."

"మీరు కాదా?" అంది. ఎగతాళిగా అనలేదు, కూర చాలిందా అని అడిగినట్టు అంది. "నేనూ నవ్వాను. తరవాత ఏడ్చాను. ఎందుకేడ్చానో చెప్పను. వెళ్ళి చూడండి."

శుక్రవారం నాడు ఇక్కడ 'దేవుడి తరఫున కోపం' అని రాశాను. కొట్టెయ్యాలనిపించింది. కొట్టెయ్యను, ఉండనీ. పాపం, దేవుడికి ఈ గొడవ సంగతే తెలీదు.

గురువారం

పగటి ఆటకి వెళ్ళాను. టిక్కెట్టు ఇచ్చేవాడు నన్ను చూసి, "మాస్టారూ, గొడవ చేయడానికా?" అన్నాడు. చూడ్డానికన్నాను. నమ్మలేదు.

ఇంటర్వెల్ గంట కొట్టగానే కాళ్ళు వాటంతటవే లేచాయి. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను, వ్యాను గతుకుల్లో ఎగిరినప్పుడు పట్టుకున్నట్టు. దీపాలు ఆరాయి. నా జీవితంలో హాల్లో కూర్చుని చూసిన మొదటి రెండో సగం.

ఏమవుతుందంటే, ఆరో గంట మోగాక ఇంటివాళ్ళంతా పారిపోతారు. పిల్లని వదిలేసి. ఒళ్ళో పెట్టుకు పెంచినవాళ్ళే. ముసలాడు కూడా మూట కట్టుకుని వీధి చివరిదాకా వెళ్తాడు. అక్కడ నిలబడతాడు. నేనైతే అక్కడితో సినిమా అయిపోయిందనుకునేవాణ్ణి, అలాగే అల్లి చెప్పేవాణ్ణి: పోయాడు వెధవ, శుభం. వాడు వెనక్కి వస్తాడు. పూజగదిలోకి వెళ్ళి ఆ పీట మీద కూర్చుంటాడు. ఈసారి తెలుసు వాడికి, పీట మీద ఎవరుంటే లోపలున్నది వాళ్ళనే పట్టుకుంటుందని. మొదటిసారి అన్నం కోసం ఎక్కిన పీట, రెండోసారి ఆ పిల్ల బదులు ఎక్కాడు. మంత్రం ఒక్కటి రాదు. పిడికిట్లోకి రెండుసార్లు ఊది, కబుర్లు మొదలుపెడతాడు. ఉన్నవీ లేనివీ. లోపలున్నది వింటూ వింటూ గంట సంగతి మరిచిపోతుంది. తెల్లారుతుంది. పిల్ల లేచి తలుపు తీసేసరికి పీట ఖాళీ.

హాల్లో ఎవరూ నవ్వలేదు. ఉన్నవాళ్ళే కొద్దిమంది. నాకు దగ్గు వచ్చింది. ఆ దగ్గు చాలాసేపు ఉంది.

ఆ మనిషిని నేను బరితెగించినవాడన్నాను. సిగ్గుండాలన్నాను. పిచ్చుక ఎదురుగా కూర్చుని అన్నం తింటుంటే.

చివర పేర్లన్నీ పడేదాకా కూర్చున్నాను. 'మా బాబాయికి' అని ఎక్కడైనా వస్తుందేమోనని చూశాను. ఇంత జరిగాక కూడా చూశాను. రాలేదు.

గేటు బయట కమిటీవాళ్ళు అట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఫోను అతనూ ఉన్నాడు. పెద్దాయన ఎదురొచ్చి, "రండి రండి, సమయానికి వచ్చారు" అన్నాడు.

"నేను మొన్న సగమే చూశాను," అన్నాను. "ఇంటర్వెల్‌కి వచ్చేశాను. చూడని సినిమా మీద తీర్పు చెప్పాను. సినిమాలో దేవుణ్ణి అన్నదేమీ లేదు. నాకు రోషం వచ్చింది, దాన్ని దేవుడి నెత్తిన పెట్టాను."

పెద్దాయన నా భుజం మీద చెయ్యి వేశాడు. జాలిగా. "అమ్మాయి ఇంటికొచ్చిందటగా. సొంత మనిషి. మీ ఇబ్బంది మాకర్థమవుతుంది."

"అది కాదండీ, అసలు నిజం..."

"మొన్న నిజం మనసులోంచి వచ్చింది, మేమందరం చూశాం. ఇవాళ్టిది ఇంట్లోంచి వచ్చింది."

ఫోను అతను దగ్గరికొచ్చాడు. "తాతగారూ, మళ్ళీ చెప్పండి. ఇలా నసగడం కాదు, మొన్నట్లా గట్టిగా."

పిడికిట్లోకి ఊదాను. గొంతు రాలేదు. మొన్న మోగిన గొంతు, ఇవాళ పక్కవాడికి టైము చెప్పే గొంతులా వచ్చింది. అతను కాసేపు పట్టుకుని, ఫోను దించేశాడు. "సరిగా రాలేదండీ," అన్నాడు. మంచివాడు, మొహమాటపడ్డాడు కూడా.

లోపలికి మేనేజరు దగ్గరికి కూడా వెళ్ళాను. "మీరు ఇవాళ చెప్పింది నేను నమ్ముతాను మాస్టారూ," అన్నాడు. "కానీ అద్దాలు పగిలితే నా ఉద్యోగం పోతుంది. మొన్న మీరు చెప్పినప్పుడు వచ్చిన జనం, ఇవాళ మీరు చెబితే వెళ్ళిపోతారా?"

శుక్రవారం

తీసేశారు. పొద్దున్నే గోడ మీద పిచ్చుక సినిమా పోస్టరు మీద ఇంకో పోస్టరు అంటించారు. జిగురు ఇంకా కారుతోంది. ఎవరో హీరో తుపాకీ పట్టుకుని నవ్వుతున్నాడు.

పిచ్చుక సంచీ సర్దుకుంది. నిర్మాత ఫోను ఎత్తడం లేదు. వాళ్ళ పిన్ని దారికి తినడానికేదో కడుతూ వంటింట్లోంచి బయటికి రావడం లేదు. మమ్మల్నిద్దర్నీ ముందుగదిలో ఒంటరిగా వదిలెయ్యడానికి అంతసేపు కట్టింది.

"చూశావటగా," అంది పిచ్చుక.

"చూశాను."

"చెప్పు."

"అద్భుతంగా ఉందమ్మా! ఆబాలగోపాలం చూసి తరించవలసిన..."

"మైకు కట్టేసి చెప్పు బాబాయ్."

కట్టేశాను. "సెకండాఫ్ కొంచెం సాగింది," అన్నాను. "గంటలు ఎక్కువయ్యాయి. నాలుగూ అయిదూ కలిపేస్తే సరిపోయేది. వాడు వీధి చివర నిలబడ్డప్పుడు ఆ సంగీతం అక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు."

"నాలుగూ అయిదూ ఎలా కలుస్తాయి? నాలుగోది తల్లిది!"

"తల్లిది మూడులోనే అర్థమైపోయింది కదే."

"ఎవరికి అర్థమైంది? ఎడిటరూ ఇదే అన్నాడు, వాడితో పోట్లాడి ఉంచాను. నీకు తెలీదు బాబాయ్, నువ్వు..." అని ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో ఇద్దరికీ తెలుసు. ఈ వారంలో అది గొంతు పెంచడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది. తిట్టినా బాగుండు అనుకున్నాను. తిట్టలేదు.

"నన్ను చూసే రాశావు కదా ముసలాణ్ణి," అన్నాను.

"మొదటి సగం నిన్ను చూసి రాశాను," అంది. సంచీ భుజానికి తగిలించుకుంటూ, మామూలుగా. "రెండో సగం అల్లుకున్నాను."

వాళ్ళ పిన్ని మూట తెచ్చి చేతిలో పెట్టింది. బస్టాండు దాకా వస్తానన్నాను. వద్దంది. గుమ్మంలో చెప్పులేసుకుంటూ, "ఆరోగ్యం జాగ్రత్త బాబాయ్," అంది. అందరూ అందరితో అనే మాట.

క్షమించమని నేను అడగలేదు. అడిగితే క్షమించేస్తుంది, దాని బుద్ధి నాకు తెలుసు. అందుకే అడగలేదు.

శనివారం

కూరగాయల వ్యాను డ్రైవర్ని పట్టుకున్నాను. స్పీకరు ఇంకా విప్పలేదు అదృష్టవశాత్తు. ఒక్కసారి తిప్పమన్నాను.

"ఏం సినిమా మాస్టారూ?"

"ఏ సినిమా లేదు."

"మరి ఏం చెబుతారు?"

"మొన్న బస్టాండు దగ్గర కనబడిన అమ్మాయి మా అన్న కూతురు," అన్నాను. "అది చెబుతాను. మిగతాది కూడా."

వాడు నన్నూ వ్యానునీ ఒకసారి చూసి తాళం తిప్పాడు. ముందు సీట్లో కూర్చోబోతుంటే మా ఆవిడ గుమ్మం దిగి వచ్చింది, చీర కొంగు దోపుకుంటూ. "జరగండి" అంది. నేను మైకు పట్టుకున్న కాలమంతటిలో ఒక్కసారి కూడా వ్యాను ఎక్కని మనిషి. ఎక్కి నా పక్కన కూర్చుంది.

వాక్యమేదీ ముందుగా కట్టుకోలేదు. "అయ్యా, అమ్మా, ఏడో గంట సినిమా చూడొద్దని మొన్న ఈ వీధిలో చెప్పింది నేనే. అప్పటికి నేను చూసింది సగమే. అందులో నాలాంటి ముసలాడున్నాడని రోషమొచ్చి, దేవుడి పేరు చెప్పాను. సినిమా తీసింది మా అన్న కూతురు. తప్పు నాది." అంతే. ప్రాస లేదు, పస లేదు. ఇంత చప్పటి ప్రకటన నా నోటినించి ఎప్పుడూ రాలేదు.

సినిమా ఊళ్ళో లేదు. చూడమని చెప్పడానికి కూడా లేదు. జనానికి అర్థం కాలేదు. ఒకాయన సైకిలు ఆపి, "ఎక్కడ ఆడుతోంది?" అన్నాడు. ఆడ్డం లేదన్నాను. "మరెందుకు చెబుతున్నారు?" అన్నాడు, నిజంగానే తెలుసుకుందామని. సెలూన్‌లోంచి సగం గడ్డంతో బయటికొచ్చి చూశారు. మందుల షాపు ఆయన, "ఇదేదో పబ్లిసిటీ, రెండో భాగం వస్తున్నట్టుంది" అన్నాడు. డ్రాయింగ్ టీచరు ఒక్కడే తల వంచుకున్నాడు, నా బదులు. కమిటీ పెద్దాయన వాకిట్లో నిలబడి, వ్యాను దాటేదాకా చూసి, మొహం తిప్పుకున్నాడు. మేడల మీద ఆడవాళ్ళు ఎవరూ ఆగలేదు. బట్టలు ఆరేసుకుంటూనే ఉన్నారు. మధ్యలో ఒకరిద్దరు నవ్వారు. హాల్లో నవ్వినట్టే నవ్వారు. ఈసారి కాళ్ళు లేవలేదు, వ్యానులో ఉన్నాను కనక.

ప్రతి వీధిలో మొదటి మాటకి చెవులు కాలేవి. రెండో వీధికి అలవాటైపోతుందనుకున్నాను. అవ్వలేదు. మైకు పని నాకు ఇన్నాళ్ళూ తెలుసనుకున్నాను.

మలుపు దగ్గర డ్రైవరుతో, "ఇక చాలు బాబూ, వెనక దారినించి ఇంటికి పోనీ" అన్నాను.

"మన వీధి మిగిలింది," అంది మా ఆవిడ.

"మన వీధివాళ్ళకి ఎలాగూ తెలుసు కదా."

"బాబూ, కుడివైపు తిప్పు," అంది డ్రైవరుతో.

తిప్పాడు. పక్కింటావిడ గేటు దగ్గరే ఉంది. ఎదురింటివాళ్ళు కుర్చీలు వేసుకుని ఉన్నారు. మా ఇంటి ముందుకి వచ్చేసరికి నా గొంతు నా చొక్కా జేబు దాకా కూడా వినబడనంత దిగిపోయింది. 'అన్న కూతురు' దగ్గర మొత్తానికి ఆగిపోయింది.

ఆవిడ నావైపు చూడలేదు. చెయ్యి చాచి సౌండు పెంచింది.